కండక్టరమ్మకి పుస్తకమెందుకన్నారు: రాసి, సొంతంగా అచ్చేయించుకున్న వైనం

మాది శ్రీకాకుళం. ఆర్టీసీలో 25 ఏళ్ళు టికెట్లు కొట్టాను. చదివింది ఇంటరు, అది కూడా రెండోసారికి గట్టెక్కాను. నిరుడు అక్టోబరులో నా పుస్తకం వచ్చింది. 160 పేజీలు, 300 కాపీలు, వెల 175 రూపాయలు. బస్సులో నేను చూసిన మనుషుల సంగతులు తప్ప అందులో ఇంకేం లేవు.

అప్పట్నుంచి ఫోన్లు. ఒక టైలరమ్మాయి, రిటైరైన వీఆర్వో ఒకాయన, మా చెల్లెలి తోటికోడలు... అందరిదీ ఒకటే ప్రశ్న. "రాయాలనుంది గానీ నేను రాయగలనా అని అనుమానం. మీకెలా పోయింది?" నాకు పోలేదు. రాస్తున్నంతసేపూ ఉంది, అచ్చుకిచ్చిన రోజు ఉంది, ఇది రాస్తుంటే కూడా ఉంది. అది పోయాక రాద్దామని ఎనిమిదేళ్ళు కూర్చున్నాను కాబట్టి, ఆ దారిలో బస్సు లేదని మాత్రం గట్టిగా చెప్పగలను. నాకు పనికొచ్చిన దారి ఇది.

అనుమానాలకి ఎస్సార్ రాయండి

ఎస్సార్ అంటే కండక్టరు దగ్గరుండే లెక్క కాగితం. టిమ్ మిషన్లు, అంటే టికెట్లు కొట్టే చేతి మిషన్లు, రాకముందు, టికెట్లు కట్టలుగా ఉన్న రోజుల్లో, ప్రతి స్టేజి దగ్గరా ఏ రేటు టికెట్టు ఏ నంబరు దాకా తెగిందో అందులో వేసి స్టేజి క్లోజ్ చేయాలి. చేయకుండా రెండు స్టేజీలు దాటామా, ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ కలిసిపోయి బుర్ర తిరుగుతుంది. దారిలో చెకింగ్ వాళ్ళు ఎక్కితే ఇక దేవుడే దిక్కు.

నా అనుమానం కూడా అలాగే ముద్దగా ఉండేది. "నావల్ల కాదు" అని ఒకటే మాట. ఒక మధ్యాహ్నం పాత క్యాలెండరు కాగితం వెనక, నావల్ల ఎందుకు కాదో విడివిడిగా రాశాను. ఐదు వచ్చాయి. చదువు చాలదు. ఇవి ఎవరు చదువుతారు. నేను రాసినవాళ్ళకి కోపమొస్తే ఎలా. నా భాష బాగోదు. డబ్బు.

కాగితం మీద చూసుకుంటే, ఈ ఐదింట్లో మొదటి వాక్యం రాయడానికి అడ్డొచ్చేది చదువొక్కటే. మిగతా నాలుగూ ముందు స్టేజీల్లో ఎక్కాల్సిన ప్యాసింజర్లు. భాష సంగతి అచ్చుతప్పులు దిద్దే ప్రూఫుల దగ్గర, డబ్బు సంగతి ప్రెస్సు దగ్గర. నరసన్నపేటలో ఎక్కేవాడికి శ్రీకాకుళంలోనే టికెట్టు కొట్టం కదా. మీరూ అలా రాసి, ఒక్కో దాని పక్కన అది ఎక్కాల్సిన స్టేజి వేసుకోండి. ముందే ఎక్కి గొడవ చేస్తే "నీ స్టేజి ఇంకా రాలేదు" అని దించేయండి. వినడానికి పిల్లాటలా ఉంటుంది గానీ, రాత్రి పదకొండింటికి డబ్బు గుర్తొచ్చి పెన్ను కింద పెట్టేసే నాలాంటిదానికి ఆ క్యాలెండరు కాగితమే పనికొచ్చింది.

చదువు సంగతికి మందు మా ఊళ్ళోనే దొరికింది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఇక్కడే ఉంది. అచ్చయిన తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని ఆయన పూనుకున్న పని. పాతికేళ్ళు ఊరంతా తిరిగినదాన్ని, ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. వెళ్ళి పాత వారపత్రికలు తిరగేశాను. పెద్ద పేర్ల కోసం కాదు, ఎప్పుడూ వినని పేర్ల కోసం. కొన్ని కథలు అద్భుతం. కొన్ని సాదాసీదా. కొన్నింట్లో చివరికొచ్చేసరికి రచయితే చేతులెత్తేశాడని తెలిసిపోతోంది. అవి కూడా అచ్చయ్యాయి, భద్రంగా ఉన్నాయి. నాకెంత ధైర్యమొచ్చిందో చెప్పలేను. మీ ఊరి గ్రంథాలయంలో కూడా పాత పత్రికలుంటాయి. గొప్ప పుస్తకాలే చదువుతూ కూర్చుంటే చిన్నబోతాం. మామూలువి కూడా చదవండి.

రోజుకో మనిషి

రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిది దాకా రాశాను. ఆ టైమే ఎందుకంటే అప్పుడు మా ఆయన వార్తలు పెట్టుకుంటారు, నన్నెవరూ పిలవరు. లాంగ్ నోట్‌బుక్కు, బ్లూ పెన్ను. ముందు రెండు రోజులు గుర్తున్న మనుషుల జాబితా వేశాను. "మేకపిల్లకి టికెట్టేంటని తగువేసుకున్న తాత." "పలాస నుంచి జీడిపప్పు సంచులతో ముగ్గురు తోటికోడళ్ళు." "నైట్ హాల్టులో పాము." ఒక్కో దానికి ఒక్క ముక్క, అంతే. 62 వచ్చాయి. ఇక రోజూ కూర్చుని ఏం రాయాలా అని ఆలోచించే పని లేదు, వరసలో తర్వాతి మనిషి ఎక్కుతాడు.

రాసింది ఆదివారం దాకా వెనక్కి తిప్పి చదవకూడదని పెట్టుకున్నాను. క్లోజ్ చేసిన స్టేజిని మళ్ళీ తెరవకూడదు. ఏమీ రాని రోజుల్లో ఆ మనిషి అన్న మాటలు మాత్రమే వేసేదాన్ని. మాటలు దొరికితే చాలు, మిగతాది రెండో రోజు వస్తుంది.

ఒకటి దగ్గరగా చూపిస్తాను. నేను మొదట రాసింది ఇలా ఉంది:

"మానవ జీవితం నీటిబుడగ వంటిది. ఎవరు ఎప్పుడు వెళ్ళిపోతారో ఆ భగవంతునికే ఎరుక. ఒకనాడు మా బస్సులో వృద్ధ దంపతులు ఎక్కారు. వారిని చూడగానే నా హృదయం ద్రవించింది."

ఆదివారం చదువుకుంటే సిగ్గేసింది. హృదయం ద్రవించడం నేనెరగను. ఆ పొద్దున్న నా బాధంతా ఐదొందల నోటుకి చిల్లర ఎక్కణ్ణుంచి తేవాలా అని. మరి ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? చదువుకోలేదన్న అనుమానం నుంచి. చదువుకున్నదానిలా కనపడాలని పట్టుచీర కట్టుకుని డ్యూటీకి వెళ్ళినట్టుంది. మూడోసారి ఇలా రాశాను:

"పొద్దున్న ఆయన విశాఖపట్నానికి రెండు టికెట్లు తీసుకున్నాడు. ఆవిడ ఒళ్ళో కేజీహెచ్ ఆసుపత్రి చీటీల సంచి ఉంది. సాయంత్రం తిరుగు ట్రిప్పులో మళ్ళీ మా బస్సే ఎక్కాడు. ఎన్ని అని అడిగాను. అలవాటుకొద్దీ రెండు వేళ్ళు చూపించి, ఒకటి మడిచేశాడు."

పుస్తకంలో అంతే ఉంది. ఇంకో వాక్యం కలపాలని ఇప్పటికీ చేతులు దురద పెడతాయి.

అందుకని నేను పెట్టుకున్న పరీక్ష ఇది: ఈ వాక్యం మా డ్రైవరుకి ఇంజిన్ పక్కన నిలబడి చెప్తానా? చెప్పనంటే కొట్టేయాలి. మీకు డ్రైవరు లేకపోతే వదిన ఉంటుంది, పక్క షాపతను ఉంటాడు. మీ రాతలో ఎక్కడ సంస్కృతం పొంగుతోందో, ఎక్కడ జీవితం గురించి నీతులు మొదలయ్యాయో చూడండి. నా మట్టుకు నా భయమంతా అక్కడే దాక్కుని ఉంది.

జాబితా పూర్తవడానికి, తిరగరాతలతో కలిపి, 17 నెలలు పట్టింది. 62లో 38 మిగిలాయి.

ఎవరికి చూపించాలి, ఏమడగాలి

ఇక్కడ నేను తప్పు చేశాను. ఒక సాహిత్య సభకి నోట్‌బుక్కులు సంచిలో పెట్టుకెళ్ళి, వేదిక దిగిన ఒక పెద్దాయన చేతిలో పెట్టాను. నిలబడే నాలుగు పేజీలు తిప్పారు. "కండక్టరమ్మకి పుస్తకమెందుకమ్మా, హాయిగా మనవల్ని ఆడించుకోక" అని నవ్వి టీ తాగడానికి వెళ్ళిపోయారు. నలభై రోజులు పెన్ను పట్టలేదు.

ఆయన్ని తిట్టుకున్నాను గానీ తర్వాత ఆలోచిస్తే నేనడిగింది కూడా అలాగే ఉంది. "ఎలా ఉందండీ?" అన్నాను. ఆ మాటకి ఎవరైనా ఏం చెప్తారు? మొహమాటస్తుడైతే బాగుందంటాడు, కానివాడైతే నవ్వుతాడు. రెండూ పనికిరావు.

రెండోసారి ముగ్గురికిచ్చాను. నాతో తొమ్మిదేళ్ళు చేసిన డ్రైవరు, ఎదురింట్లో డిగ్రీ చదివే అమ్మాయి, హైస్కూల్లో తెలుగు చెప్పే మేష్టారు. ఇంట్లోవాళ్ళకి ఇవ్వలేదు, వాళ్ళకి నా మీద ప్రేమెక్కువ, పుస్తకాల మీద తక్కువ. ముగ్గురినీ మూడే అడిగాను. ఎక్కడ చదవడం ఆపేశారు? ఎక్కడ అర్థం కాలేదు? చదివాక ఏదైనా ఇంకొకరికి చెప్పారా?

డ్రైవరూ డిగ్రీ అమ్మాయీ ఒకే చోట ఆగిపోయారు, డిపో రాజకీయాల మీద నేను కక్షకొద్దీ రాసిన నాలుగు పేజీల దగ్గర. అవి తీసేశాను. మేకపిల్ల సంగతి డ్రైవరు ఇంట్లో చెప్పాడు, అమ్మాయి హాస్టల్లో చెప్పింది. అదే మొదట పెట్టాను. "ఎవరు చదువుతారు" అన్న అనుమానం ఆ స్టేజిలో దిగిపోయింది.

నిజం మనుషుల గురించి రాసేటప్పుడు పేరు, ఊరు, రూట్ మూడూ మార్చండి. పేరొక్కటి మారిస్తే సరిపోదు, ఊళ్ళో ఇట్టే పట్టేస్తారు. బతికున్నవాళ్ళ పరువు సంగతైతే అడిగి రాయండి, లేదా మానేయండి. నేను రెండు మానేశాను. వాటిలో ఒకటి నా రాతల్లో అన్నింటికన్నా మంచిది. ఏం చేస్తాం.

భాష, ప్రూఫులు, అనూ గోల

నోట్‌బుక్కుల్లోది నేనే ఫోన్లో గూగుల్ కీబోర్డు మైకు నొక్కి చదివాను. టైపింగు ఖర్చు మిగిలింది, కానీ అది మన యాసని ఊరుకోదు. "ఏటి" అంటే "ఏంటి" అని దిద్దేస్తుంది. ప్రతి పేజీ మళ్ళీ చూసుకోవాలి.

ప్రూఫులు చూసినాయన వ్యాకరణం బాగా తెలిసిన మనిషి. ఒత్తులు, ల-ళలు, శ-ష-సలు చక్కగా సరిచేశారు. అలాగే "బేగి రా గుంటా" అన్నచోట "త్వరగా రా అమ్మాయీ" అని పెట్టారు. అది చూసి నేను, ఆయనకి తెలియదా, నా భాషే తప్పేమో అనుకుని వారం రోజులు ఒప్పేసుకున్నాను కూడా. తెలుగు మేష్టారే చెప్పారు: కథ చెప్పేది మీరు మామూలు భాషలో చెప్పండి, మనుషులు మాట్లాడేది మాత్రం వాళ్ళ నోటి మాటే ఉంచండి అని. ప్రూఫు రీడరుకి ముందే ఒక కాగితం రాసివ్వాలి: కొటేషన్ మార్కుల లోపల అక్షరదోషం తప్ప ఏదీ ముట్టుకోవద్దు. ఈ ఒక్క వాక్యం నేను మొదట్లోనే చెప్పుంటే ఇద్దరికీ పదిహేను రోజులు మిగిలేవి.

ఇంకోటి, ఎవరూ చెప్పరు. ఫోన్లో టైపు చేసింది యూనికోడ్, అంటే ఏ ఫోన్లోనైనా కనపడే తెలుగు. చాలా డీటీపీ సెంటర్లలో, అంటే కంప్యూటరు మీద పుస్తకం పేజీలు కట్టేచోట, ఇప్పటికీ అనూ అనే పాత పద్ధతి ఫాంట్లే. దీన్ని అందులోకి మార్చేటప్పుడు కొన్ని అక్షరాలు తారుమారవుతాయి. నాకు "బస్‌పాస్" కాస్తా "బస్పాస్" అయింది, "బస్‌స్టాండ్" "బస్స్టాండ్" అయింది. నా పుస్తకం నిండా బస్సే, ఊహించుకోండి. యూనికోడ్‌లోనే పేజీలు కట్టేవాళ్ళు దొరికితే వాళ్ళ దగ్గరికే వెళ్ళండి. దొరక్కపోతే మార్చిన తర్వాతే ప్రూఫులు చూడండి, ముందు చూసినవి లెక్కలోకి రావు. ఆఖరి ప్రూఫు కాగితం మీద తీసుకుని, స్కేలు పెట్టి వరసవరసా కిందికి జరుపుకుంటూ చదవండి. తెర మీద కన్ను జారిపోతుంది.

ప్రెస్సు దగ్గర

నాది డెమీ సైజు, అంటే మామూలు తెలుగు నవల సైజు. కాగితం 70 జీఎస్ఎం, జీఎస్ఎం అంటే కాగితం బరువు లెక్క. రేట్ల కొటేషన్లు విజయవాడలో రెండు, విశాఖలో ఒకటి తీసుకున్నాను. అడగాల్సినవి: కాగితం ఏది, కవరు ఎన్ని జీఎస్ఎం, లామినేషన్ ఉందా, పన్ను కలిపా విడిగానా, పార్సిలు ఎవరిది. ఇవి రాయించుకోకుండా రేటు మాట్లాడితే ఒకరి వంకాయలతో ఇంకొకరి బెండకాయలు పోల్చినట్టు ఉంటుంది.

డిజిటల్‌లో (కంప్యూటరు నుంచి నేరుగా వేసే అచ్చు) 300 కాపీలకి కాపీ 85 చొప్పున 25,500 అన్నారు. ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లు చేసి వేసే అచ్చు) 500 కాపీలకి కాపీ 64 చొప్పున 32,000. అంటే ఇంకో 6,500 పడేస్తే 200 పుస్తకాలు! ఒక పూటంతా నోరూరింది. తర్వాత మంచం కింద చోటు కొలిచాను. 300 చాలన్నాను. ఆఫ్‌సెట్ అయితే 16 పేజీలు ఒక ఫారం లెక్క, పదిహేడో పేజీకి ఇంకో ఫారం మొదలవుతుంది. నాకు 163 వచ్చాయి. ముందుముందు ఆఫ్‌సెట్‌కి వెళ్ళినా బాధ ఉండకూడదని ఒక సంగతి తీసేసి 160, అంటే సరిగ్గా పది ఫారాలకి కుదించాను.

ఒక్క డమ్మీ కాపీ, అంటే మచ్చు పుస్తకం, తెప్పించుకోకుండా మొత్తం వేయమని చెప్పకండి. నా డమ్మీలో లోపలి మార్జిన్ చాలక, పుస్తకం విరిచి పట్టుకుంటే తప్ప వాక్యం మొదలు కనపడలేదు.

ఐఎస్‌బీఎన్ నంబరుకి, అంటే పుస్తకానికుండే గుర్తింపు అంకెకి, డబ్బు కట్టక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం కింద రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉంది, ఆన్‌లైన్‌లో రచయితగా మీరే పెట్టుకోవచ్చు. నా తరపున తెస్తామని రెండు వేలు అడిగినవాళ్ళున్నారు, ఇవ్వకండి. కాపీరైటు రాయగానే మీదవుతుంది, రిజిస్టరు చేస్తేనే వస్తుందన్న మాట నిజం కాదు. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి తలో కాపీ మన ఖర్చుతో పంపాలి. పంపాను. కండక్టరమ్మ పుస్తకం కోల్‌కతా వెళ్ళిందని మా ఆయన వీధంతా చెప్పారు.

డబ్బు లెక్క, దాచకుండా

డీటీపీ పేజీకి 30 చొప్పున 4,800. ప్రూఫులు 2,400. కవరు డిజైను 3,000. అచ్చు 25,500. రవాణా 800. మొత్తం 36,500. చీటీ పాడిన డబ్బు. పోయినా ఇల్లు గడుస్తుంది అనుకున్నాకే పెట్టాను, అప్పు చేసి మాత్రం వేయకండి. అనుమానానికి వడ్డీ కూడా తోడైతే మనిషి తట్టుకోలేడు.

ఆవిష్కరణకి హాలు, ఫ్లెక్సీ, శాలువాలు అంటే ఇంకో పదిహేను వేలు. నేను మధ్యాహ్నం రెండింటికి, డ్యూటీలు మారే వేళ, డిపో రెస్టు రూములో పెట్టాను. టీ, మిక్చరు డ్రైవర్లే తెచ్చారు. ఆ గంటలో 41 కాపీలు పోయాయి.

తర్వాత ఇవాళ్టి దాకా లెక్క: నేరుగా అమ్మినవి 150, రెస్టు రూములోవి కూడా కలిపి. పుస్తకాల షాపులకి 50 ఇస్తే 31 అమ్ముడయ్యాయి. షాపువాళ్ళకి 40 శాతం పోగా నాకు కాపీకి 105 వస్తుంది, అది కూడా మూణ్ణెల్లకి, రెండుసార్లు గుర్తుచేస్తే. 48 ఊరికే పంచాను, అందులో నాలుగు చట్టానికి, ఒకటి కథానిలయానికి, మిగతావన్నీ మొహమాటానికి. ఆ మొహమాటం కాపీలు చదివినవాళ్ళు నాకు తెలిసి ముగ్గురు. చేతికొచ్చింది 29,505. ఇంకా 6,995 రావాలి. నేరుగా 209 అమ్మితే పెట్టింది వచ్చేసేది, మీరు వెల వేసేటప్పుడు ఈ అంకె ముందే కట్టుకోండి.

పోస్టు సంగతి: 2025 మే నుంచి తపాలా వాళ్ళు పుస్తకాలకి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, పన్ను అదనం. నా పుస్తకం ప్యాకింగుతో కలిపి ఆ లోపే తూగింది. నెమ్మదిగా వెళ్తుంది, ట్రాకింగు ఉంటుంది. పుస్తకం మీద ప్రచురించినవాళ్ళ పేరో అచ్చువేసినవాళ్ళ పేరో ఉండాలి, లోపల ప్రకటనల కాగితాలు పెట్టకూడదు.

ఇక చివరి అనుమానం, తప్పు దొర్లిందేమో అని, ఎస్సార్‌లో నేను రాయనిది. కాపీలు ఆర్టీసీ కాంప్లెక్సుకి కార్గోలో వచ్చిన రాత్రి కట్ట విప్పి చూస్తే, 43వ పేజీలో ఒక వాక్యం రెండుసార్లు పడింది. ముగ్గురం చూశాం, ఎవరికీ కనపడలేదు. తెల్లవార్లూ నిద్ర లేదు. పొద్దున్నే ఆ కాపీ మీద "దిద్దుబాట్లు" అని రాసి బీరువాలో పెట్టాను. తప్పు దొరికినప్పుడల్లా అందులో వేస్తాను. మీరూ మొదటి కాపీని దానికే కేటాయించండి, ఎవరికీ సంతకం చేసి ఇచ్చేయకండి.

పోయిన వారం మా డ్రైవరు ఫోన్ చేశాడు. "అక్కా, టైరు పేలిన సంగతి తప్పు రాశావు. పేలింది ముందుది కాదు, వెనకది. ముందుది పేలుంటే నువ్వూ లేవు, నేనూ లేను, పుస్తకమూ లేదు" అన్నాడు. దిద్దుబాట్ల కాపీ తీసి 88వ పేజీలో "ముందు" కొట్టేసి, ఎర్ర పెన్నుతో "వెనక" అని రాశాను.